తొంభై దాటిన గేటు

మునగనిపేట గేటు గది దినచర్య. రాస్తున్నది గేటు మనిషి పైడితల్లి.

కార్తీక శుద్ధ తదియ

తెల్లవారగానే పైకప్పు ఎక్కి, సౌర పలకల మీద పేరుకున్న ఉప్పు కడిగాను. గొలుసుకు గ్రీజు పెట్టాను. గాలి తూర్పు నుంచి వీస్తోంది, పెద్దగా లేదు.

సూర చేపల వేటకు ఆరు పడవలు వెళ్ళాయి. ముందు పడవ నా చెల్లెలు మరిడమ్మది. ఈ ఏడే తండేలు అయింది. మా పేటలో ఆడమనిషి తండేలు కావడం ఇదే మొదలు. ఆరు పడవలూ దాని మాట మీదే నడుస్తాయి. ఈ మాట రాయడానికి గేటు దినచర్య చోటు కాదని తెలుసు. అయినా రాస్తున్నాను.

మా పేట నీటి మీద తేలుతుంది. చుట్టూ అలలను ఆపే గోడ, ఆ గోడకు ఒకటే గేటు. దాన్ని తెరవడానికి నేను చేసే పని చాలా చిన్నది. తెర ముందు కూర్చుని 'గేటు తెరువు' అని టైపు చేసి మీట నొక్కుతాను. మిగతాది ప్రోగ్రాం చూసుకుంటుంది. మోటారును నడిపించి తొంభై సెకన్లు ఎదురుచూస్తుంది. ఆలోగా రెక్కలు పూర్తిగా తెరుచుకుంటే సరే. తెరుచుకోకపోతే ఏదో అడ్డుపడిందనుకుని వాటిని తిరిగి మూసేస్తుంది. పడవో మనిషో రెక్కకూ గోడకూ మధ్య ఇరుక్కుని నలిగిపోకుండా చేసిన ఏర్పాటు అది. మంచిదే.

ఈరోజు తొంభై ఇంకాసేపట్లో నిండుతుందనగా తెరుచుకున్నాయి. నా చిన్నప్పుడు ఇందులో సగం సేపు కూడా పట్టేది కాదు.

దాటుతూ దాటుతూ మరిడి రేడియోలో పలకరించింది. "అప్పా, నీ గేటుకి ముసిల్తనం వొచ్చీసిందే! మేం తిరిగొచ్చీసరికి కూసింత మందెయ్యి."

"ముందు నువ్వు సేపలట్టుకు రాయే, ఆనక సూద్దాం" అన్నాను.

చవితి

పొద్దున నాచు కోసుకొచ్చే చిన్న పడవ లోపలికి రావాలి. గేటు తెరువు అన్నాను. రెక్కలు మూలుగుతూ కదిలాయి. పడవ ముక్కు పట్టేంత సందు కూడా రాకముందే తొంభై అయిపోయింది, రెక్కలు మళ్ళీ మూసుకున్నాయి. ఇంకోసారి ప్రయత్నించాను. అదే తంతు. చివరికి ఎనిమిది మంది చేతి చక్రం పట్టుకుని తిప్పితే, సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి దారి ఏర్పడింది. సముద్రం నిదానంగా ఉంది కాబట్టి సాగింది. చక్రం ఉన్నది గోడ అంచున. అలలు లేస్తే అక్కడ ఎవరూ నిలబడలేరు.

ఎర్రయ్య నీళ్ళలోకి దిగి చూసి వచ్చాడు. గేటు అడుగు పనులన్నీ అతనే చేస్తాడు. మోచేతుల నిండా గీతలు, నెత్తురు.

"కింది బందులకి గుల్లలు రాయినాగ పట్టీసినాయప్పా. పైవి గీకీసాను. అడుగున నీటి ఈడుపు సానా ఉంది, నిలబడనీటం నేదు. సముద్రం నెమ్మదించీదాకా నాను సెయ్యగలిగింది నేదు."

"పడవలు వచ్చేస్తాయి కదా ఎర్రయ్యా."

"అదే నా బెంగాను" అన్నాడు.

మోటారుకు బలం ఉంది. రెక్కలూ కదులుతున్నాయి. వాటికి కావలసింది ఇంకాస్త సమయం మాత్రమే. గేటు ప్రోగ్రాంకు దాని సంగతి అదే చెప్పుకునే చిన్న వివరణ ఒకటుంది. అందులో వెతికాను. 'టైమౌట్' అని రాసి పక్కన సెకన్లు ఇస్తే అంతసేపు ఎదురుచూస్తుందట. ఇన్నేళ్ళలో దాని అవసరం ఎవరికీ రాలేదు. సంతోషం పట్టలేక ఎర్రయ్యను పిలిచి మరీ టైపు చేశాను: గేటు తెరువు, టైమౌట్ 180.

మోటారు కదిలింది. వెంటనే తెర మీద ఎర్ర అక్షరాలు పడ్డాయి. 'రకం తప్పు. సంఖ్యకు అక్షరాలను కూడలేను.' ప్రోగ్రాం అక్కడికక్కడే చచ్చిపోయింది. బయట రెక్కలు మాత్రం కదులుతూనే ఉన్నాయి. ఆపేవాళ్ళు లేరు, చూసేవాళ్ళు లేరు. మెట్లు దిగి పరుగెత్తి, అలల గోడ మీది ఎర్ర బొత్తాం గుద్దాను. మోటారు ఆగింది. మామూలుగా మూయి అని కొట్టి రెక్కలను తిరిగి మూయించాను.

మధ్యాహ్నమంతా ప్రోగ్రాం చదివాను. చదవడం ఆదిశేషయ్య మాస్టారు నేర్పారు. ఈ గేటు గదిలో నాకంటే ముందు పనిచేసింది ఆయనే. చదవడం వరకే నేర్పారు. మార్చడం మా పేటలో నిషేధం.

తప్పు దొరికింది. ప్రోగ్రాం ఇప్పటి టైము తీసుకుని, ఎదురుచూడాల్సిన సెకన్లను దానికి కూడి, ఎప్పుడు ఆగాలో తెలుసుకుంటుంది. తొంభై అనేది ప్రోగ్రాంలోనే సంఖ్యగా రాసి ఉంది, కూడిక కుదురుతుంది. మనం మీటల మీద కొట్టేది మాత్రం దాని లోపలికి అక్షరాలుగానే వెళ్తుంది. నూట ఎనభై అని నేననుకుంటాను. దానికి అది ఒకటి, ఎనిమిది, సున్నా అనే మూడు గుర్తుల వరుస. ఎనిమిది గంటలకు 'పైడితల్లి' అనే పేరు కూడితే ఎంత అని అడిగినట్టే. అది ఏం చెబుతుంది పాపం.

అక్షరాలుగా వచ్చినదాన్ని ముందు సంఖ్యగా మార్చుకో అని ఒక్క వరుస రాస్తే చాలు. ఆ ఒక్క వరుసే రాయకూడదు.

పంచమి

తెల్లారేసరికి వాతావరణ కబురు వచ్చింది. ఆగ్నేయంలో వాయుగుండం తుపానుగా మారింది. ఎల్లుండి మధ్యాహ్నానికల్లా మా మీదుగా పోతుంది. మరిడికి రేడియోలో చెప్పాను. వలలు తీసి బయల్దేరుతున్నామంది. తుపాను కంటే కొంచెం ముందుగా వస్తారు. ఒడ్డు వైపు పొమ్మందామంటే తుపాను ఆ దారినే ఉంది.

పేట పెద్ద దానయ్య మావ అందరినీ వలల సావిడికి పిలిచాడు. నేను లేచి గేటు సంగతి చెప్పాను.

"పోనీలే, ఆ తొంబైనే నూట ఎనబై సేసీలేవా?" అన్నాడు దానయ్య మావ.

"అదీ ప్రోగ్రాంను ముట్టుకోవడమే మావా. పైగా అలల నీళ్ళు ఆపడానికి వీధుల్లో పెట్టిన తలుపులన్నీ ఆ ప్రోగ్రాంతోనే, ఆ తొంభై మీదే నడుస్తున్నాయి. పిల్లలు వాటి మధ్యే ఆడుకుంటారు. ఎవరైనా ఇరుక్కుంటే మూడు నిమిషాలు నొక్కుతూనే ఉంటుంది. ఒక్క గేటుకే, ఒక్క పూటకే ఎక్కువ టైము కావాలి. టైమౌట్ ఉన్నది అందుకే. అది పనిచెయ్యడం లేదు. దాన్ని నేను బాగుచెయ్యగలను."

అందరూ ఆదిశేషయ్య మాస్టారి వైపు చూశారు. ఆయన చేతికర్ర ఊతంగా నెమ్మదిగా లేచారు.

"పైడి చెప్పింది నిజమే అయుంటుంది. నేను చదివించిన పిల్ల. కానీ ఈ పేట కట్టిన కంపెనీ ఇచ్చిన ప్రోగ్రాంను మన చేత్తో ముట్టుకోవద్దని కట్టు పెట్టింది నేనే. ఎందుకు పెట్టానో ఇక్కడ సగం మందికి తెలీదు. అప్పుడు మంచినీటి యంత్రానికి కూడా ఒక్క వరుసే అన్నారు. ఆ మార్చినవాడు తెలివైనవాడే. పొద్దున్నకి బాగానే ఉంది. ఉప్పు పోని నీళ్ళు వస్తున్నాయని తెలిసేసరికి పసిపిల్లలు తాగేశారు. ఇద్దరు దక్కలేదు." ఆయన కర్రను రెండో చేతికి మార్చుకున్నారు. "అప్పటికి కంపెనీ ఉంది, వాళ్ళొచ్చి సరిచేశారు. ఇప్పుడు కంపెనీయే లేదు. పైడి చెయ్యి తప్పితే ఎవరొస్తారు?"

ఆయన భయం ఉత్తది కాదు.

వెనక వరుసలోంచి పోలమ్మ లేచింది. ఇద్దరు కొడుకులూ మరిడి వెంట వేటకు వెళ్ళారు.

"బాబూ, ఆ ఇద్దరిలో ఒక గుంట నా సెల్లి. నా ఒళ్ళోనే పోనాది. నాను మర్సిపోనేదు. మర్సిపోను కూడాను. అయినా సెప్తన్నాను, పైడిని ముట్టుకోనియ్యండి. అప్పుడు ఎవులూ సూసుకోకుండా సేసీసారు. ఇప్పుడు అందరం సూద్దాం. కంపెనీ రాదు బాబూ. మనమే ఉన్నాం."

మాస్టారు నా వైపు తిరిగారు.

"నేను పక్కన కూర్చుంటాను. ప్రతి వరుసా నాకు చదివి వినిపించాలి. పాతది చెరపకుండా పక్కన ఉంచాలి. నాకు అర్థం కానిది ఏదీ గేటు దాకా పోకూడదు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటాను మాస్టారూ."

"అయితే పద. కర్ర పట్టుకుని మెట్లెక్కేసరికి నాకే పొద్దు పోతుంది."

షష్ఠి

పొద్దున్నే మొదలుపెట్టాం. ముందు ప్రోగ్రాంకు నకలు తీశాను. గేటు తెరిచే భాగంలో, కూడికకు ముందు, అక్షరాలను సంఖ్యగా మార్చే వరుస రాసి చదివి వినిపించాను. మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు.

"బాగుంది. నూట ఎనభై కొట్టబోయి కంగారులో పక్కనున్న అక్షరం కూడా కొట్టావనుకో. ఏమవుతుంది?"

ఆలోచించాను. "సంఖ్యగా మార్చలేక మళ్ళీ చచ్చిపోతుంది మాస్టారూ."

"అప్పటికి మోటారు నడుస్తుంటుందా, లేదా?"

నడుస్తుంటుంది. మొన్నటి ఎర్ర బొత్తాం గుర్తొచ్చింది. అందుకని ఇంకొన్ని వరుసలు రాశాను. ఇచ్చింది సంఖ్య కాకపోతే, సున్నాకు తక్కువైతే, మోటారును కదపకముందే ఆగి, సరైన సంఖ్య ఇమ్మని అడగాలి. అదీ చదివి వినిపించాను. ఆయన తల ఊపారు.

బయట ఎర్రయ్య, దానయ్య మావ కాపు కాశారు. పడవలేవీ లేని వేళ చూసి టైపు చేశాను. గేటు తెరువు, టైమౌట్ 180. రెక్కలు కదిలాయి. తెర మీద ఎర్ర అక్షరాలు లేవు. సెకన్లు నడిచాయి. తొంభై దాటింది. రెక్కలు వెనక్కి తిరగలేదు. మూలుగుతూ, ఆగుతూ, గోడ దాకా వెళ్ళి తట్టుకున్నాయి.

ఎర్రయ్య వేసిన కేకకు గోడ మీది పక్షులన్నీ లేచిపోయాయి. నేనూ కుర్చీలోంచి లేచిపోయాను.

"కూర్చో. మూసి చూపించు" అన్నారు మాస్టారు.

గేటు మూయి, టైమౌట్ 180. ఎర్ర అక్షరాలు. అదే మాట, సంఖ్యకు అక్షరాలను కూడలేను. మళ్ళీ పరుగు, మళ్ళీ ఎర్ర బొత్తాం. నేను చేరేసరికి సగం మూసుకున్న రెక్కలు అలలకు ఊగుతూ నిలబడిపోయాయి.

సిగ్గుతో నా మొహం మాడిపోయింది. తుపాను ముంచుకొస్తుంటే మూసుకోని గేటు తెరుచుకోని గేటు కంటే ప్రమాదం. పాత ప్రోగ్రాంతోనే మామూలుగా మూయి అన్నాను. మిగిలింది సగమే కాబట్టి తొంభైలోపే మూసుకుంది.

మాస్టారు కోప్పడతారనుకున్నాను. ఆయన కుర్చీ దగ్గరకు లాక్కున్నారు.

"తెరిచే చోట దిద్దావు. మూసే చోట దిద్దలేదు. ఇంకెన్ని చోట్ల ఉందది?"

వెతికాం. తెరవడం, మూయడం, సగంలో ఆపడం, మూడూ టైమౌట్‌ను ఎవరికి వారే తీసుకుని వాడుకుంటున్నాయి. మూడు చోట్లా అదే వరుస రాయబోయి ఆగాను. ఇది ఒక్కో గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కోవడంలా ఉంది. వీధిలోనే కడుక్కుని వస్తే ఇల్లంతా శుభ్రంగా ఉంటుంది కదా. మనం టైపు చేసిన మాటలు ప్రోగ్రాంలోకి అడుగుపెట్టే చోటు ఒకటుంది. నా వరుసలన్నీ తీసుకెళ్ళి అక్కడ పెట్టాను. అది దాటి లోపలికి వచ్చిన టైమౌట్ ఏదైనా సంఖ్యగానే వస్తుంది. లోపల ఎవరూ దాని రకం గురించి బెంగపడక్కర్లేదు.

చదివి వినిపించాను. ఈసారి మాస్టారు కళ్ళు తెరిచే విన్నారు.

"ఇంకోసారి చదువు."

చదివాను.

"మొదటిదాని కంటే ఇది చిన్నదయింది. మేలైంది" అన్నారు.

తెరిచాం, మూశాం. మళ్ళీ తెరిచాం, సగంలో ఆపాం, మూశాం. కావాలనే అక్షరాలు కొట్టాం. 'సరైన సంఖ్య ఇవ్వండి' అంది, మోటారు కదల్లేదు. టైమౌట్ ఇవ్వకుండానూ చూశాం. తొంభై పాటిస్తూ వెనక్కి మూసుకుంది, ఎప్పటిలాగే. వీధి తలుపులకు తేడా రాలేదు.

పోలమ్మ అందరికీ గంజి పట్టుకొచ్చింది. మాస్టారు గిన్నె రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా తెర వైపే చూస్తూ కూర్చున్నారు.

సప్తమి

ఇది తుపాను వెళ్ళాక రాస్తున్నాను. అన్నీ గుర్తుండగానే రాయాలి.

పొద్దున్నించే ఆకాశం రాగి రంగులో ఉంది. అలలు గోడ ఎక్కి వీధుల్లో పడుతున్నాయి. చేతి చక్రం ఉన్న అంచు ఎప్పుడో మునిగిపోయింది. గేటు గదిలో నేను, మాస్టారు, దానయ్య మావ, పోలమ్మ ఉన్నాం. రేడియో గరగరల మధ్య మరిడి గొంతు వినిపించింది.

"అప్పా, గోడ అగుపడతంది. ఆరు పడవలూ ఉన్నాయి. మూడోదానికి ఇంజను దెబ్బతినీసింది, తాడుతో లాక్కొత్తన్నాం. నీ గేటు తీత్తావా?"

"తీత్తాను. నువ్వు దగ్గరకి రా."

"ఎంతసేపు ఆగాల?"

"మూడు నిమిషాలు."

ఆ అలల్లో మూడు నిమిషాలు పడవను ఒకేచోట నిలబెట్టడం అంటే ఏమిటో నాకంటే మరిడికే బాగా తెలుసు.

"ఆగుతాం" అంది.

టైపు చేశాను. వేళ్ళు తడిగా ఉన్నాయి, కంగారుగా ఉన్నాయి. మీట నొక్కాను. 'సరైన సంఖ్య ఇవ్వండి.' సున్నాతో పాటు ఇంకేదో మీట తగిలింది. మోటారు కదల్లేదు, ఏమీ చెడలేదు. మాస్టారు నా భుజం మీద చెయ్యి వేశారు. చీర చెంగుకు వేళ్ళు తుడుచుకుని మళ్ళీ కొట్టాను.

రెక్కలు కదిలాయి. ఈసారి గుల్లలతో పాటు అలలు కూడా వాటిని వెనక్కి నెడుతున్నాయి. పోలమ్మ తెర మీది అంకెలు పైకి చదవడం మొదలుపెట్టింది. ఎనభై తొమ్మిది. తొంభై. తొంభై ఒకటి. నూట ఇరవై దాటింది. నూట నలభైకి రెక్కల మధ్య పడవ పట్టేంత సందు వచ్చింది. నూట డెబ్భైకి రెక్కలు పూర్తిగా తెరుచుకుని గోడకు తట్టుకున్నాయి.

"మరిడీ, రా!"

"ముందు తాడు పడవని పంపుతన్నాను. నాను ఆకర్న వొత్తాను."

ఇంజను చెడిన పడవ, దాన్ని లాగుతున్న పడవ ముందుగా వచ్చాయి. వెనకే మూడు. ఒక్కొక్కటి లోపలికి జారుతుంటే పోలమ్మ పేర్లు చదివింది. తన కొడుకులిద్దరూ ఉన్న పడవ వచ్చినప్పుడు పేరు చదవలేకపోయింది, గోడకు ఆనుకుని నిలబడిపోయింది. అన్నిటికంటే చివర మరిడి పడవ. ఒక అల దాన్ని పక్కకు విసిరింది. మరిడి చుక్కాని తిప్పి, ముక్కు సరిచేసి, ఆ అల వీపు మీదే ఎక్కి లోపలికి దూకించింది. అంతటి తండేలును నేను చూడలేదు. నా చెల్లెలని అనడం లేదు.

గేటు మూయి, టైమౌట్ 240. అలల ఒత్తిడి లెక్కేసి కొంచెం ఎక్కువే ఇచ్చాను. రెక్కలు కలుసుకున్నాయి. గడియ పడింది.

తుపాను మధ్యాహ్నమంతా మా మీద స్వారీ చేసింది. రెండు ఇళ్ళ కప్పులు పోయాయి, నాచు మడులు చెల్లాచెదురయ్యాయి. మనుషులందరూ ఉన్నారు.

మరిడి తడి బట్టలతోనే గేటు గదికి వచ్చింది. నన్ను కావలించుకుంటుందేమో అనుకున్నాను. నేరుగా తెర దగ్గరకు వెళ్ళి, "ఏదీ, నువ్వు రాసింది సూపియ్యి" అంది. చూపించాను.

"ఇంతేనా?"

"ఇంతే."

"దీనికోసం నాను మూడు నిమిషాలు సచ్చి బతికానా!" అని నవ్వింది. తరవాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పక్కన మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

ద్వాదశి

సముద్రం నెమ్మదించింది. ఎర్రయ్య రోజూ అడుగుకు దిగి గుల్లలు గీకుతున్నాడు.

ప్రోగ్రాం పైభాగంలో చేసినవాళ్ళ పేర్లుండే చోటు ఒకటుంది. అక్కడ కంపెనీ పేరు తప్ప ఇంకేదీ ఎప్పుడూ లేదు. సావిడిలో అందరూ నా పేరు రాయమన్నారు. నేను 'మునగనిపేటలో దిద్దినది' అని రాశాను. మాస్టారు ఒప్పుకోలేదు. రేపు ఎవరైనా దీన్ని మార్చాలంటే ఎవరినడగాలో తెలియాలి కదా, ఊరి పేరునెవరు అడుగుతారు అన్నారు. దాంతో కింద నా పేరు, ఆయన పేరు కూడా చేర్చాను. తన పేరు ఆయన రెండుసార్లు చదువుకున్నారు. ఇంటికి వెళ్ళేటప్పుడు కర్ర మరిచిపోయి వెళ్ళారు.

ముట్టుకోకూడదనే కట్టును సావిడి మార్చింది. ఇకపై ముట్టుకోవచ్చు. ఇద్దరు కలిసి, పైకి చదువుకుంటూ, పాతది ఉంచుకుంటూ. నేర్చుకుంటామని తొమ్మిది మంది వచ్చారు. వాళ్ళలో పోలమ్మ కూడా ఉంది.

ఈరోజు పొద్దున ఉత్తరాన ఉన్న గంగమ్మపేట నుంచి రేడియో వచ్చింది. అదీ మాలాగే తేలే పేట, అదే కంపెనీ కట్టింది. మాట్లాడింది వాళ్ళ గేటు మనిషి వరహాలు.

"మీ గేటు తొంబైలో తెరుసుకోటం నేదంట గదా, మా గేటుకీ అదే రోగం. టైమౌట్ ఇత్తే సచ్చిపోతంది. తుపానుకి మా పడవలు రెండు బయటే ఉండిపోనాయి, మనుసుల్ని తాళ్ళతో లాగీసాం. మీ పడవలన్నీ లోపలికి వొచ్చీసినాయని ఇన్నాం. మీకు కంపెనీ నుంచి కొత్తదేటైనా వొచ్చిందేటి?"

"కంపెనీ లేదు కదా వరహాలూ."

"మరి ఎవులు సేసారు?"

"మేమే" అన్నాను.

"మీరేనా?" అన్నాడు మళ్ళీ.

"మేమే. పంపుతున్నాను, రాసుకో. ముందు నకలు తీసుకో. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని చదివి వినిపించు."

మా పేట పుట్టినప్పటినుంచీ మాకు అన్నీ ఎక్కడినుంచో వచ్చినవే. గోడ, మోటార్లు, పలకలు, ప్రోగ్రాములు. మా దగ్గర పుట్టినది ఒకటి ఇంకో పేటకు వెళ్ళడం ఇదే మొదలు. అది రేడియోలో ఒక్కో అక్షరంగా వెళ్తుంటే గది నిండా మనుషులు నిలబడి విన్నారు.

మధ్యాహ్నం వరహాలు మళ్ళీ పిలిచాడు. రేడియో తమ గేటు పక్కన పెట్టి మోటారు వేశాడు. వాళ్ళ రెక్కలు తెరుచుకుంటున్న చప్పుడు ఇక్కడ మా గదిలో వినిపించింది. తొంభై దాటాక అక్కడ జనం అరిచారు. ఇక్కడ మేమూ అరిచాం.

మాస్టారు మాత్రం చెవి రేడియోకు ఆనించి శ్రద్ధగా వింటున్నారు.

"కీచుమంటోంది. గొలుసుకు గ్రీజు పెట్టి చాలా రోజులైనట్టుంది, చెప్పు" అన్నారు.

చెప్పాను.